తెలుగు తీరం – విదేశీ వాణిజ్యం: మోటుపల్లి అభయ శాసనం నుంచి రొయ్యల ఎగుమతుల వరకు

ప్రత్యేక వ్యాసం

సముద్ర వాణిజ్యం ఒక ప్రాంతానికి సంపదను తెస్తుంది. ఆ సంపద ఎంతకాలం నిలుస్తుంది, ఎవరి ఇంట నిలుస్తుంది అన్నది మాత్రం పాలకుల విధానాలు, ఉత్పత్తిదారుల బేరశక్తి, కొనుగోలుదారుల సంఖ్య వంటి అంశాలపై ఆధారపడి ఉంటుంది. సుమారు రెండు వేల సంవత్సరాల వాణిజ్య చరిత్ర గల తెలుగు తీరం ఈ విషయానికి చక్కని నిదర్శనం. ఘంటసాల, మోటుపల్లి, మచిలీపట్నం, కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవులు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్కటిగా ప్రాముఖ్యం వహించాయి. వాటి ఉత్థాన పతనాలను పరిశీలిస్తే అన్ని కాలాలలోనూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. వ్యాపారంలో నష్టం వాటిల్లినప్పుడు దానిని భరించేది ఎవరు? 2025లో అమెరికా సుంకాల పెంపుతో కోస్తా జిల్లాల రొయ్యల రైతుల ముందు నిలిచిన ప్రశ్న కూడా ఇదే. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ చరిత్రలోని ముఖ్య ఘట్టాలను ఇక్కడ పొందుపరచడమైనది.

రోమన్ నాణేలు – మహానావికులు

క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన 'పెరిప్లస్' అనే గ్రీకు నావికా గ్రంథం 'మసాలియా' తీరంలో నూలు వస్త్రాలు విస్తారంగా తయారవుతాయని పేర్కొంది. రెండవ శతాబ్ది భూగోళవేత్త టాలెమీ 'మైసోలస్' నదిని, 'కొంటకొస్సిల' అనే వ్యాపార కేంద్రాన్ని ప్రస్తావించాడు. ఇవి కృష్ణానది, నేటి కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని చరిత్రకారుల అభిప్రాయం. ఓడ బొమ్మ ముద్రించిన శాతవాహన నాణేలు, గుంటూరు, నల్గొండ ప్రాంతాలలో లభించిన రోమన్ నాణేలు ఆనాటి విదేశీ వాణిజ్యానికి సాక్ష్యాలు.

ఈ వాణిజ్యం సమాజంపైనా ముద్ర వేసింది. అమరావతి, ఘంటసాల వంటి బౌద్ధ క్షేత్రాలకు దానాలిచ్చిన వారిలో వర్తకులు, వృత్తికారుల పేర్లు కనిపిస్తాయి. ఘంటసాల శాసనంలో 'మహానావిక' అనే బిరుదు ఉండడం గమనార్హం. ఓడను నడిపినవాడు తన వృత్తి పేరును శిలపై చెక్కించుకోగలిగిన గౌరవం ఆనాటి సమాజంలో ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది. అమరావతి శిల్ప శైలి ప్రభావం గల బుద్ధ ప్రతిమలు ఆగ్నేయాసియా దేశాలలో లభించడం కూడా సరకులతో పాటు కళ, మతం, ఆలోచనలు ప్రయాణించాయనడానికి నిదర్శనం.

మోటుపల్లి అభయ శాసనం

నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రముఖ రేవు. అక్కడి వీరభద్రాలయంలో గల గణపతిదేవ చక్రవర్తి శాసనం శక సంవత్సరం 1166కు, అనగా క్రీ.శ. 1244–45కు చెందినది. తుపానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన వాటిని పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని చక్రవర్తి ఈ శాసనంలో ప్రకటించారు. ఎగుమతి, దిగుమతి సరకులపై సుంకం ముప్పదింట ఒక వంతుగా నిర్ణయమైంది. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు మొదలైన సరకుల ప్రస్తావన ఇందులో ఉన్నది.

ఈ శాసనం ప్రాధాన్యం కేవలం సుంకం రేటులో లేదు. తుపాను దైవాధీనం, తుపాను తరువాత సరకు ఎవరిది అన్నది పాలకుని నిర్ణయం. ప్రకృతి వల్ల కలిగిన నష్టానికి రాజు వల్ల కలిగే నష్టం తోడు కాదన్న హామీ లభించినప్పుడే వర్తకుడు మరొకసారి ఆ రేవుకు వస్తాడు. 13వ శతాబ్ది చివర ఈ తీరాన్ని వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఇక్కడి వజ్రాలను, అతి సన్నని వస్త్రాలను ప్రశంసించాడు. కాకతీయుల అనంతరం రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో ఇదే మోటుపల్లిలో వర్తకులకు తిరిగి హామీలిస్తూ శాసనం వేయించాడు. రాజవంశం మారినా పాత హామీని పునరుద్ధరించవలసిన అవసరం కలగడం దాని విలువను తెలియజేస్తున్నది.

బందరు వస్త్రం – ప్రపంచ విపణి

16వ, 17వ శతాబ్దులలో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్నం తూర్పు తీరంలోని ప్రముఖ రేవులలో ఒకటిగా వర్ధిల్లింది. రేవు అని అర్థమిచ్చే పారశీక పదం 'బందర్' ఈ పట్టణానికి 'బందరు' అనే వాడుక పేరుగా స్థిరపడింది. డచ్చివారు 1605–06లో, ఆంగ్లేయులు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పుకున్నారు. నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం కూడా డచ్చి వర్తక కేంద్రాలయ్యాయి.

ఐరోపా కంపెనీలు మొదట ఆశించినది ఆగ్నేయాసియా ద్వీపాలలోని లవంగం, జాజికాయ వంటి సుగంధ ద్రవ్యాలను. అయితే ఆ ద్వీపవాసులు వాటికి మారుగా కోరింది తెలుగు, తమిళ తీరాల నూలు వస్త్రాన్ని. అందువల్ల కంపెనీలు వెండి, బంగారం తెచ్చి ఇక్కడ వస్త్రం కొని, దానితో అక్కడ సుగంధ ద్రవ్యాలు కొనేవి. తరువాత ఈ వస్త్రం ఐరోపాలోనూ విశేషాదరణ పొందింది. కృష్ణా ముఖద్వార ప్రాంతపు ఇసుక నేలలలో లభించే చిరివేరుతో వేసిన ఎరుపు రంగు ఎన్ని ఉతుకులకైనా వెలసిపోకపోవడం ఇక్కడి కలంకారీకి గిరాకీ తెచ్చింది. నరసాపురం సమీపంలోని మాధవాయపాలెం పేరు ఆంగ్లేయుల నోట 'మడపొల్లం'గా మారి, ఒక రకం నూలు వస్త్రానికి పేరుగా నిలిచిపోయింది.

ఒక్క వస్త్రం వెనుక పత్తి పండించే రైతు, ఇంటింటా నూలు వడికే స్త్రీలు, దేవాంగ, పద్మశాలి తదితర నేతకారులు, అద్దకం పనివారు, చాకళ్లు, బేరగాండ్రు – ఇందరి జీవనం ముడివడి ఉండేది. ఓడల నిర్మాణానికి నరసాపురం పేరెన్నిక గన్నది. కృష్ణా తీరాన నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గనులలో సుమారు 60,000 మంది పనిచేస్తున్నట్లు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ వ్రాశాడు. 1720 దశకంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే వరకు ప్రపంచానికి వజ్రాలు అందించినది ప్రధానంగా భారతదేశమే.

ఈ వైభవానికి ఎదురుదెబ్బ విదేశీ చట్టాల రూపంలో తగిలింది. స్వదేశీ నేతకారుల ఒత్తిడితో ఫ్రాన్స్ 1686లో అద్దకపు నూలు వస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతిని, 1721లో వాడకాన్ని చట్టం ద్వారా కట్టడి చేసింది. పోటీ దేశాల సరకుపై అడ్డంకులు కల్పించడం ఈనాడు మొదలైన పద్ధతి కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

నేతగాని చేయిజారిన బేరం

17వ శతాబ్దిలో నేతకారునికి ఒక బలం ఉండేది. డచ్చి, ఆంగ్లేయ, ఫ్రెంచి, పారశీక, స్థానిక వర్తకులలో ఎవరు మంచి ధర ఇస్తే వారికి అమ్ముకొనే వీలుండేది. ఒకరి వద్ద తీసుకున్న బయానా తిరిగి ఇచ్చి మరొకరికి సరకు అమ్మిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1759లో ఆంగ్లేయ సేనాని ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నాన్ని వశపరచుకున్నాడు. 1765–66 నాటికి ఉత్తర సర్కారులలో అధిక భాగం ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. కొనుగోలుదారే పాలకుడైనాడు.

దీనితో బేరం స్వరూపమే మారిపోయింది. కంపెనీ బయానా తీసుకున్న నేతకారుడు ఇతరులకు అమ్మరాదు. ధర, నాణ్యత నిర్ణయం కంపెనీ ఉద్యోగులది. సరకు తిరస్కరిస్తే నష్టం నేతకారునిది. 18వ శతాబ్ది చివర గోదావరి, విశాఖ ప్రాంతాల నేతకారులు సమష్టిగా నిరసనలు తెలపడం ఈ పరిస్థితుల ఫలితమే. 1813 చార్టర్ చట్టంతో భారత వాణిజ్యంపై కంపెనీ గుత్తాధిపత్యం ముగిసింది. కాని అప్పటికే లాంకషైర్ మరల వస్త్రం, నూలు ప్రవేశించసాగాయి. మొదట దెబ్బతిన్నది నూలు వడికే స్త్రీల ఆదాయం. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని 'డొక్కల కరువు' కబళించినప్పుడు వానలు లేక పంట లేదు. చేతిపనికి గిరాకీ తగ్గి కొనే శక్తీ లేదు.

ఆనకట్టలు – వరి – బర్మా వలస

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయింది. విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తి అయింది. వస్త్రాలు ఎగుమతి చేసిన తీరం ధాన్యం ఎగుమతి చేసే తీరంగా మారింది. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండ్‌కు పత్తి అందకపోగా, కాకినాడ రేవు పత్తి ఎగుమతితో ఒక్కసారిగా పుంజుకున్నది. యుద్ధం ముగియగానే ఆ గిరాకీ సడలింది. ప్రకృతి వైపరీత్యాలు సైతం రేవుల తలరాతను మార్చాయి. 1839 నవంబరు తుపాను కోరంగిని ధ్వంసం చేసింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం, పరిసరాలలో సుమారు 30,000 మంది మరణించారు.

1869లో సూయజ్ కాలువ ప్రారంభమయ్యాక బర్మా బియ్యానికి ఐరోపాలో విపణి విస్తరించింది. వరి కోతలకు, రంగూన్ బియ్యపు మిల్లులకు, రేవు పనులకు కూలీలు కావలసి వచ్చారు. కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల నుంచి వేలాదిగా తెలుగువారు వెళ్లారు. అక్కడ వారిని రేవు పేరుతోనే 'కొరంగీలు' అని వ్యవహరించేవారు. 1930లో ప్రపంచ ఆర్థిక మాంద్యం ధాన్యం ధరలను కుంగదీసింది. ఆ ఏడాది మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె సందర్భంగా బర్మీయులను పనిలోకి తీసుకొని, సమ్మె ముగిశాక వారిని తొలగించడంతో ఘర్షణలు చెలరేగి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాన్ దండయాత్రతో మిగిలినవారిలో చాలామంది కాలినడకన, ఓడలపై తిరుగుముఖం పట్టారు. ధర పడిపోయినప్పుడు మిల్లు యజమానికి తగ్గినది లాభం. కూలీకి పోయినది బ్రతుకుతెరువు.

వంటింటిలో, మాటలలో విదేశీ వాణిజ్యం

వాణిజ్యం ప్రభావం లెక్కల పుస్తకాలకే పరిమితం కాదు. తెలుగువారి భోజనంలో నేడు విడదీయరాని భాగమైన మిరపకాయ అమెరికా ఖండాలకు చెందినది. పోర్చుగీసువారి ద్వారా భారత తీరాలకు చేరింది. అంతకు ముందు కారానికి ఆధారం మిరియం. ఆ పేరు నుంచే మిరప అన్న మాట ఏర్పడింది. వేరుశనగ, జీడిమామిడి, బొప్పాయి, అనాస, పొగాకు కూడా ఇదే విధంగా వచ్చినవి. బయటి నుంచి వచ్చిన పంటతోనే గుంటూరు దేశ విదేశాలకు మిర్చి ఎగుమతి చేసే కేంద్రమైంది. బొత్తాము, మేస్త్రీ, అలమారా వంటి పోర్చుగీసు మూలపదాలు గ్రామీణుల నోట కూడా తెలుగు మాటలుగానే చెలామణి అవుతున్నాయి.

విశాఖ రేవు – ఖనిజం – పొగాకు

20వ శతాబ్దిలో తీరపు వాణిజ్య కేంద్రం విశాఖపట్నానికి మారింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' నౌక రాకతో రేవు కార్యకలాపాలు ప్రారంభమయ్యాయి. మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతి ఈ రేవు నిర్మాణ లక్ష్యాలలో ఒకటి. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ నిర్మించిన 'జల ఉష' నౌకను 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. స్వాతంత్ర్యానంతరం బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు ఎగుమతి చేయడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం, ఆపై బాహ్య నౌకాశ్రయం ఏర్పడ్డాయి. ఒక రేవు చుట్టూ నౌకా నిర్మాణం, చమురు శుద్ధి, ఎరువులు, ఉక్కు పరిశ్రమలు పెరగడం వల్ల ఎగుమతి సరకు మారినా నగరం నిలదొక్కుకున్నది. ఒకే సరకుపై ఆధారపడిన పూర్వపు రేవులకు, విశాఖకు గల ప్రధాన భేదం ఇదే.

వర్జీనియా పొగాకు సాగులో రైతు కొద్దిమంది కొనుగోలుదారుల దయపై ఆధారపడవలసి వచ్చేది. 1975 చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. తరువాతి కాలంలో వేలం కేంద్రాల ద్వారా బహిరంగ విక్రయ విధానం అమలులోకి వచ్చింది. అందరి ఎదుట ధర పలకడం రైతుకు బేరశక్తిని కొంతవరకు సమకూర్చింది.

రొయ్యల చెరువులు – సుంకాల గాలివాన

1990 దశకం తొలి సంవత్సరాలలో టైగర్ రొయ్యల సాగు కోస్తా జిల్లాలలో విస్తరించింది. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి చెరువులను ఖాళీ చేసింది. వరి పొలాలు, మంచినీరు ఉప్పుబారడంపై వచ్చిన ఫిర్యాదుల నేపథ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై కీలక తీర్పు వెలువరించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుంచి పసిఫిక్ తీరపు జాతియైన వనామీ సాగుకు అనుమతి లభించడంతో ఉత్పత్తి తిరిగి పెరిగింది. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమ స్థానం.

2024–25లో భారతదేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి రూ.62,408 కోట్లు ఆర్జించింది. విలువలో మూడింట రెండు వంతులకు పైగా శీతలీకరించిన రొయ్యలదే. అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. ఆ దేశం 2005లోనే భారత రొయ్యలపై యాంటీ డంపింగ్ సుంకం విధించింది. 2025 ఆగస్టు 7న 25 శాతం, అదే నెల 27న మరో 25 శాతం అదనపు సుంకం అమలుచేయడంతో మొత్తం అదనపు భారం 50 శాతానికి చేరింది. యాంటీ డంపింగ్, కౌంటర్‌వైలింగ్ సుంకాలు దీనికి వేరు.

సుంకం చెల్లించేది దిగుమతిదారు. అయితే ఆ ఒత్తిడి ఎగుమతిదారునికి, అక్కడి నుంచి చెరువు గట్టుకు చేరుతుంది. కిలోకు తూగే రొయ్యల సంఖ్యను బట్టి, అనగా 'కౌంట్' ప్రకారం, ధర నిర్ణయమవుతుంది. మేతకు, కరెంటుకు, సీడుకు పెట్టుబడి ముందే పెట్టిన రైతు ధర నచ్చలేదని పట్టుబడిని ఎక్కువ రోజులు వాయిదా వేయలేడు. వ్యాధి భయం, మేత ఖర్చు వెంటాడుతుంటాయి. శుద్ధి కర్మాగారాలలో పనిచేసే వారిలో అత్యధికులు స్త్రీలు. ఎగుమతి ఆర్డరు తగ్గితే వారి పనిదినాలు తగ్గుతాయి. ఒకనాడు నూలు వడికిన స్త్రీల వలె నేడు కూడా గొలుసులో చివరి కొస వారిదే.

సేవల ఎగుమతి

వస్తువులతో పాటు సేవలు కూడా ఎగుమతి అవుతున్న కాలమిది. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సాఫ్ట్‌వేర్ రంగం వేగంగా విస్తరించింది. లక్షలాది యువతకు ఉపాధి, పల్లెల నుంచి అమెరికాకు వలస, ఇంజనీరింగ్ విద్యకు గిరాకీ దీని సామాజిక ఫలితాలు. ఈ రంగానికి కూడా ప్రధాన విపణి అమెరికాయే. 2025 సెప్టెంబరు 19న ఆ దేశం కొత్త హెచ్–1బి వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించడం, సేవల వాణిజ్యానికి సైతం సుంకం వంటి అవరోధాలు ఉండగలవని తెలియజేసింది.

చరిత్ర తెలియజేస్తున్న అంశాలు

విదేశీ వాణిజ్యాన్ని తలుపులు మూసి నివారించిన కాలం ఈ తీరపు చరిత్రలో కానరాదు. వాణిజ్యం లేకుంటే అమరావతి స్తూపం, బందరు కలంకారీ, గుంటూరు మిర్చి, విశాఖ నగరం నేటి రూపంలో ఉండేవి కావు. అదే సమయంలో మూడు అంశాలు పదే పదే రుజువయ్యాయి.

మొదటిది, నిబంధనలు ముందుగా తెలిసి, స్థిరంగా ఉన్నప్పుడు వాణిజ్యం వర్ధిల్లింది. రెండవది, కొనుగోలుదారులు పలువురు ఉన్నప్పుడు ఉత్పత్తిదారునికి బేరశక్తి ఉన్నది. ఒక్కరే మిగిలినప్పుడు అది నశించింది. 2022లో యు.ఎ.ఇ., ఆస్ట్రేలియా దేశాలతో అమలులోకి వచ్చిన ఒప్పందాలను, 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఈ కోణం నుంచి చూడవలసి ఉన్నది. మూడవది, లాభం వచ్చిన సంవత్సరాలలో నష్టానికి రక్షణ ఏర్పాటు చేసుకోని చోట భారమంతా నేతకారునిపై, కూలీపై, రైతుపై పడింది. పంట బీమా, శీతల గిడ్డంగులు, దేశీయ వినియోగం పెంపు, పారదర్శకమైన ధర ప్రకటన వంటి చర్యలను బేరీజు వేసేటప్పుడు ఈ అనుభవం ఉపకరిస్తుంది.

2023 మే నెలలో మచిలీపట్నంలో నూతన నౌకాశ్రయ నిర్మాణ పనులు ప్రారంభమయ్యాయి. రేవు నిర్మాణానికి రాయి, ఇనుము, నిధులు కావాలి. ఆ రేవు ద్వారా వెళ్లే సరకును పండించి, తయారుచేసే వారికి ధీమా కల్పించే పని దానితో సమానంగా సాగవలసి ఉన్నది. మోటుపల్లి శాసనానికి 'అభయ' శాసనమన్న పేరు సార్థకమైనది అందువల్లనే.

ముఖ్య సంవత్సరాలు

1244–45: గణపతిదేవుని మోటుపల్లి శాసనం
1358: అనపోతారెడ్డి మోటుపల్లి శాసనం
1605–06: మచిలీపట్నంలో డచ్చివారి ప్రవేశం
1611: మచిలీపట్నంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం
1700, 1721: ఇంగ్లండ్‌లో అద్దకపు నూలు వస్త్రాలపై చట్టాలు
1759: మచిలీపట్నం ఆంగ్లేయుల వశం
1813: భారత వాణిజ్యంపై కంపెనీ గుత్తాధిపత్యం రద్దు
1832–33: డొక్కల కరువు
1852, 1855: గోదావరి, కృష్ణా ఆనకట్టల పూర్తి
1864: మచిలీపట్నం ఉప్పెన
1930: రంగూన్ రేవు ఘర్షణలు
1933: విశాఖపట్నం రేవు ప్రారంభం
1976: గుంటూరులో పొగాకు బోర్డు ఏర్పాటు
2005: తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం; భారత రొయ్యలపై అమెరికా యాంటీ డంపింగ్ సుంకం
2009: వనామీ సాగుకు అనుమతి
2025: అమెరికా అదనపు సుంకం 50 శాతానికి పెంపు